శివరాత్రికీ కాముని పున్నమికీ నడుమ

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అది పోయాక ఎండ గట్టిపడే లోపు పల్లెల్లో ఒక పక్షం రోజుల సందు దొరుకుతుంది. వేసవి కూరగాయల తీగలు విత్తుకోవడానికి ఓరుగల్లు నేలకు ఇది మంచి అదును. అంతకు ముందు విత్తితే రాత్రి చలికి బీర, కాకర గింజలు మొలవడం ఆలస్యమై కొన్ని మట్టిలోనే మురిగిపోతాయి. ఉగాది దాటాక విత్తితే మొలక బాగానే వస్తుంది గానీ ఆ ఎండకు మగపూలే ఎక్కువ పూసి కాయ నిలవదు. ఈ పక్షం రోజుల్లో ఊళ్లలో ఎవరు ఏం విత్తుతున్నారో చూద్దామని వరంగల్ నుంచి గీసుకొండ, నర్సంపేట మీదుగా పాకాల దాకా, అక్కడి నుంచి మల్లంపల్లి మీదుగా పాలంపేట దాకా రెండు రోజులు బండి మీద తిరిగాం.

ఊరు దాటగానే ఎరుపు మొదలైంది. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు చేరాల్సిన మిరప అంతా ఈ నెలల్లో రోడ్డు పక్క కళ్లాల్లోనే ఉంటుంది. పొట్టిగా, బొద్దుగా, టమాటలా కనిపించే చపాట మిరప కూడా ఒక కళ్లంలో కనబడింది. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే ఈ కాయకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆరబెట్టే తీరు చూడండి. కోసిన కాయను ఒక రాత్రి కుప్పగా పోసి కప్పి ఉంచుతారు. పూర్తిగా పండని కాయలు కూడా ఆ వేడికి రంగు తిరుగుతాయి. తర్వాత టార్పాలిన్ మీదో, సిమెంటు కళ్లం మీదో రెండు మూడు అంగుళాల మందాన పరిచి రోజుకు రెండుసార్లు తిరగేస్తారు. పొద్దు గూకగానే మళ్లీ కుప్ప చేసి కప్పాలి. మంచు తాకిన కాయ తెల్లారేసరికి మచ్చపడుతుంది. పది పదిహేను రోజులకు కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి. వట్టి నేల మీద ఆరబోస్తే మట్టీ బూజూ రెండూ అంటుకుంటాయి. నడుమ చెడగొట్టు వాన ఒక్కటి పడినా కాయ తెల్లబడి తాలుగా మారుతుంది, తాలుకు ధర సగం కూడా రాదు. తూకం పెరుగుతుందని నీళ్లు చల్లే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. అది మానాల్సిందే. ఆ తడి లోపల బూజుగా మారి, తినేవాళ్లకు విషమవుతుంది.

2021లో నల్ల తామర పురుగు పూతనంతా తినేసిన సంగతి ఈ దారిలో ఎవరూ మరిచిపోలేదు. అందుకే కళ్లం దగ్గర మాట ఎక్కడ మొదలైనా చివరికి పురుగు దగ్గరికే వస్తుంది.

గీసుకొండ దాటాక ఒక ఊళ్లో పంచాయతీ మైకు మోగుతుంటే ఆగాం. మార్చి 31 లోపు ఇంటి పన్ను కట్టాలి, ఉపాధి పనికి వచ్చేవాళ్లు పేర్లు ఇయ్యాలి, నల్లా నీళ్లు రేపటి నుంచి పొద్దున ఒక్క పూటే వస్తాయి. ఈ మూడింటిలో ఆడవాళ్లు పనులాపి విన్నది చివరిది. ఎండాకాలం ముందు ఊరి వార్తల్లో సగం నీళ్ల వార్తలే, పెరడు ఉన్న ఇంటికైతే మొత్తం అదే. నల్లా ఒక్క పూటే అంటే తోటకూర, పాలకూర మళ్లు తగ్గించుకోవాలి, తీగలకు పాదులు లోతుగా తవ్వుకోవాలి. ఈ లెక్క అక్కడికక్కడే, బిందె చంకలో ఉండగానే తేలిపోతుంది.

పంచాయతీ నర్సరీ కూడా చూశాం. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మగ్గిన ఎరువు కలిపి సంచులు నింపి, నీడ వల కింద వరుసలు పేర్చారు. చింత, కానుగ బాగా మొలిచాయి. వేప వరుసలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. నీళ్లు సరిగ్గా పోయలేదని కూలీల మీదికి తోస్తున్నారు గానీ తప్పు వాళ్లది కాదు. వేప గింజకు మొలకశక్తి కొన్ని వారాలే ఉంటుంది. పోయిన ఎండాకాలం ఏరిన గింజను ఇప్పుడు విత్తితే ఎన్ని నీళ్లు పోసినా లేవదు. జూన్, జూలైలో పండు రాలగానే గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, వెంటనే సంచిలో పెట్టాలి. అక్కడే ఇంకో లోపం కనబడింది. పోయినేటి మొక్కల వేర్లు సంచి అడుగున చీల్చుకుని నేలలోకి దిగాయి. నెలకోసారి సంచులను జరిపి, బయటికొచ్చిన వేరు కత్తిరించకపోతే నాటే రోజున సంచి ఎత్తగానే తల్లివేరు తెగుతుంది. ప్రభుత్వం చేపట్టిన హరితహారంలో నాటినవి ఎండిపోయాయని అనుకునే మొక్కల్లో చాలావాటి కథ ఇక్కడే మొదలవుతుంది.

ఆ నర్సరీ వెనక ఇంటి పెరడు చూడకపోతే ఈ యాత్ర వట్టిదే అయ్యేది. జాగా నాలుగు గుంటలు కూడా లేదు. వంటింటి కాలువ ముందుగా కంకర నింపిన గుంటలో పడుతుంది. ఆ గుంట చుట్టూ అరటి, చామ, మెట్టతామర. బోళ్లు తోమిన నీళ్లు అక్కడ వడిసి, అవతలి బెండ మడికి పోతాయి. బట్టలు ఉతికిన నీళ్లను వేరే కాలువలో బయటికి పంపేస్తున్నారు. సబ్బుపొడి ఉప్పు మట్టిలో చేరితే కొన్నేళ్లకు నేల తెల్లగా పెళుసెక్కుతుంది. ఆకుకూరలకు ఈ వాడిన నీళ్లేవీ పెట్టరు. ఆ ఇంటి పెద్దమ్మ పాదు తవ్వుతూనే చెప్పింది: "గుంత ఇయ్యాల తీసి ఇయ్యాలనే గింజ పెట్టొద్దు బిడ్డా. ఎరువు సల్లారాలె, మట్టి కూసోవాలె. లేకుంటే చెదలొస్తయి."

ఆమె లెక్క ఇది. అడుగున్నర వెడల్పు, అంతే లోతు గుంత. అడుగున ఎండుటాకులు, పైన రెండు తట్టల మగ్గిన పెంట, పావు కిలో వేపపిండి, మిగిలింది తీసిన మట్టే. నిండా తడిపి వారం వదిలేయాలి. పచ్చి పేడ వేస్తే వేడికి లేతవేరు మాడుతుంది, వేరుపురుగూ చెదలూ వస్తాయి. కాకర గింజకు పెంకు మందం కాబట్టి ఒక రోజంతా నానబెట్టి, తడి గుడ్డలో మూట కట్టి ముక్కు పగిలాక విత్తాలి. బీర, సోర (ఆనప) ఒక రాత్రి నానితే చాలు. అంగుళం లోతులో నాలుగు గింజలు పెట్టి, రెండు మొక్కలు ఉంచి మిగతావి గిల్లేయాలి, పీకకూడదు. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది, తీగజాతి ఆ కుదుపును ఓర్చుకోదు. రెండు నుంచి నాలుగు ఆకులు వచ్చినప్పుడు లీటరు నీటికి మూడు నాలుగు గ్రాముల బోరాక్స్ కలిపి కొడితే ఆడపూలు పెరుగుతాయి. ఆ దశ దాటాక కొట్టి లాభం లేదు. ఎర్ర పెంకు పురుగు మొలకను జల్లెడ చేసేది కూడా ఆ వయసులోనే. తెల్లారి మంచు తడి ఉండగా కట్టెల బూడిద చల్లితే ఆకుకు పట్టుకుంటుంది. బూడిద తెగులు కనబడిందని మిరపకు తెచ్చిన గంధకం మందు మాత్రం తీగల మీద కొట్టొద్దు, ఆకులు మాడిపోతాయి. ఈ ఒక్క పొరపాటుతో పందిరి మొత్తం పోగొట్టుకున్న ఇల్లు అదే వాడలో ఉంది.

బెండ మడిలో అడుగున్నరకో వరుస, జానెడుకో మొక్క. ఎండాకాలం మొక్క అంత గుబురుగా పెరగదు కనుక దగ్గరగానే పెట్టాలి. ఈనెలు పసుపెక్కిన మొక్క కనబడితే మందు వెతకడం దండుగ. అది తెల్లదోమ తెచ్చే పల్లాకు తెగులు, మొక్కను పీకి కాల్చడమే దారి. పసుపు రంగు వేసిన రేకు ముక్కకు ఆముదం పూసి మొక్క ఎత్తున కట్టారు, దోమ దానికి అంటుకుని ఉంది. మొక్క పెరిగే కొద్దీ రేకును కూడా పైకి జరపాలి. పాత రేకు పాత ఎత్తులోనే మరిచిపోవడం చాలా పెరళ్లలో చూశాం.

జీవామృతం చేసుకుంటున్నవాళ్లకు ఒక్క మాట. 20 లీటర్ల నీటికి కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి, ఇవి సరే. ఆ నీళ్లు మాత్రం నల్లా నుంచి పట్టినవి పట్టినట్టే పోయకండి. నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, మనం పెంచాలనుకున్న సూక్ష్మజీవులనే అది చంపుతుంది. ఒక రాత్రి మూత తీసి ఉంచితే చాలు. నీడలో, ప్లాస్టిక్ డ్రమ్ములో, గోనె సంచి కప్పి, రోజుకు రెండుసార్లు కలిపితే రెండు రోజులకు తయారు. వారం దాటితే పారబోయాలి.

నర్సంపేటలో చాయ్ తాగి పాకాలకు పోయేసరికి మిట్టమధ్యాహ్నం. దారి పొడుగునా మోదుగులు పూసి ఉన్నాయి, పిల్లలు కాముని పున్నమికి రంగు కోసం సంచుల్లో ఏరుకుంటున్నారు. కాకతీయుల కాలపు ఆ చెరువు కట్ట మీద నిలబడితే ఒకవైపు అడవి, ఇంకోవైపు పొట్ట మీదున్న యాసంగి వరి. కట్ట కింది ఊళ్లలో ఎవరిని కదిపినా అడిగేది ఒకటే: "తూము ఎన్నడు బందు పెడతరట?" వరి కోసం అడుగుతున్నారనుకుంటాం. పెరటి కోసం కూడా. కాలువ పారినన్నాళ్లు దాని పక్క ఇళ్ల బావులు ఊరుతాయి, తూము దించిన కొద్ది రోజులకే నీళ్లు కిందికి జారతాయి. ఇప్పుడు విత్తిన తీగ అప్పటికి వేరు లోతుకు దించి ఉండాలి. అందుకే ఇక్కడివాళ్లు మొలక వచ్చాక రోజూ తడపరు. మూడో రోజుకో, నాలుగో రోజుకో పాదు నిండా పోస్తారు. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరిగి, బావి తగ్గిన వారంలో తీగ వాలిపోతుంది. ఒక ఇంట్లో పాత కుండకు అడుగున చిల్లు పెట్టి, గుడ్డ పీలిక దూర్చి, పాదు పక్కన మెడ దాకా పాతిపెట్టారు. కుండ నింపితే రెండు మూడు రోజులు తడి దిగుతూనే ఉంటుంది. పైన మూత పెట్టకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

మల్లంపల్లి దారిలో మామిడి పూత నిండుగా ఉంది, పిందె పడుతోంది. అంతకు మించి ఆగలేదు.

పాలంపేట చేరేసరికి పొద్దు వాలింది. రామప్ప గుడి చూసి వెనక్కి వస్తుంటే ఒక ఇంట్లో టార్చి వెలుగు పందిరి కింద తిరుగుతోంది. సంక్రాంతి పోయిన వారానికే పొయ్యి గోడ పక్కన, వెచ్చగా, సంచుల్లో మొలిపించి నాటిన బీర అది. బీర పువ్వు, సోర పువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి. కాకర, గుమ్మడి పొద్దున. ఈ తేడా తెలియక పొద్దున్నే బీర పందిరి కింద నిలబడితే వాడిన పూలే దొరుకుతాయి. తేనెటీగలు రాని పెరట్లో చేత్తో చేయాల్సిందే. ఆ ఇంటి కోడలు మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి ఒలిచి, పుప్పొడిని వేలి గోటి మీద రాసి చూసుకుంది. పసుపు అంటితేనే పనికొస్తుంది. అడుగున వేలెడు పిందె ఉన్న ఆడపువ్వు నడుమ దాన్ని మెల్లగా మూడుసార్లు అద్దింది. ఒక్కో ఆడపువ్వుకు ఒక్కో మగపువ్వు. అద్దిన ప్రతి కాడకూ ఎర్రదారం కట్టి, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ దగ్గర గీత గీసింది. కాయను పన్నెండు రోజులకు అటూ ఇటూగా కోయాలి, దాటితే పీచు పడుతుంది. ఆ సాయంత్రం ఏడు దారాలు కట్టింది.