చెంబెడు సబర్మతి కోసం

మా అమ్మ ఏ ఊరెళ్లినా సంచిలో చిన్న ఇత్తడి చెంబు ఉండాల్సిందే. అక్కడి నదిలో ముంచి, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుని, మిగతాది ఇంటికి తెచ్చి తులసికోటలో పోస్తేగానీ ఆవిడకి ఆ ఊరు వెళ్లినట్టు కాదు. తమ్ముడికి అహ్మదాబాద్ బదిలీ అయిందంటే ఇల్లెలా ఉంది, అద్దెంత అని అడగలేదు. "నది ఉందా?" అంది. రాజమండ్రి మనిషి మరి.

సంక్రాంతి వెళ్లాక బయల్దేరాం. విజయవాడలో నవజీవన్ ఎక్కితే మర్నాడు సాయంత్రం దిగాం. మొదటి రెండు రోజుల గురించి చెప్పేదేం లేదు. పప్పులో బెల్లం వేస్తారని ముందే తెలిసినా నోరు ఒప్పుకోలేదు, అంతే. మూడోరోజు తమ్ముడు సబర్మతి గట్ల మీద నడకబాట కట్టిన రివర్‌ఫ్రంట్‌కి తీసుకెళ్లాడు. యాప్‌లో తొంభై చూపించిన దూరానికి ఆటో అతను నూట యాభై తీసుకున్నాడు.

సర్దార్ బ్రిడ్జి దగ్గర మెట్లు దిగాం. దారికి మాత్రం వంక పెట్టలేను. బండీ లేదు, హారనూ లేదు, గుంటా లేదు. ఇలాంటి బాట రెండు గట్ల మీదా పదకొండు కిలోమీటర్ల పైనే ఉంది. మా ఊళ్లో వీధి చివర కొట్టుకి కూడా ఆటో పిలవమనే అమ్మ, మోకాళ్ల మాటే ఎత్తకుండా ముందు నడిచింది. కింద ఒక్క టీ బండి కూడా కనబడకపోవడం నా బాధ. అమ్మ బాధ వేరు.

"ఏమిటే, ఎంత నడిచినా రేవే రాదు?"

నిజమే. పక్కనే నిండు నది. మధ్యలో రెయిలింగ్. వంగి చూస్తే నిటారు కాంక్రీటు గోడ, నిలువెత్తు కింద నీళ్లు. మేం నడిచినంత మేర ఒక చోట మెట్లు కనబడ్డాయి గానీ గేటుకి తాళం. మా పుష్కరాల రేవులో పాలిథీన్ కవర్లు, అరటి డొప్పలు, తడి బట్టలు, అన్నీ ఉంటాయి. కానీ కాళ్లు పెట్టుకోవచ్చు. ఇక్కడ అద్దాల బీరువాలో పెట్టిన పట్టుచీరలా ఉంది నది.

రంగుల పతంగిలా కట్టిన అటల్ బ్రిడ్జి వచ్చింది. 2022లో తెరిచారు, నడవడానికే. పెద్దలకి 30 రూపాయల టికెట్, అమ్మ వయసు వాళ్లకి సగం. "వంతెన ఎక్కడానికి టికెట్టా! మన బ్రిడ్జి మీద రైల్లో పోతూ గోదారికి మనమే రూపాయి వేస్తాం" అని కదల్లేదు. ముందుకెళ్లాక 1892 నాటి ఎల్లిస్ బ్రిడ్జి ఇనప కమానులు చూసి మాత్రం "మన హేవలాక్ వంతెన చుట్టంలా ఉంది" అని కాసేపు నిలబడింది.

అక్కడే తమ్ముడికి బుర్ర పనిచేసింది. ఉత్తరాయణ్ పతంగుల దారం ఇంకా చెట్లకీ రెయిలింగ్‌కీ చిక్కుకుని ఉంది. "అక్కా, బాటిల్ ఇలా ఇయ్యి" అని గులాబీ రంగు మాంజా నాలుగు పేటలు వేసి మెడకి కట్టి వదిలాడు. గాజుపొడి దారం, వేలు తెగింది. బాటిల్ నీళ్లని తాకింది గానీ మునగదే! బాతులా తేలుతూ కూర్చుంది. వాడు గుంజాడు, దారం పుటుక్కుమంది. బాటిల్ తన దారిన తను పోయింది. వెనక నుంచి గార్డు విజిల్. నదిలో ప్లాస్టిక్ పారేసినందుకు తిట్లు. తిట్టిన దానిలో తప్పేం లేదు కాబట్టి తలొంచుకుని విన్నాం.

బెంచీ మీద ఇదంతా చూస్తున్న పెద్దాయన నవ్వి, హిందీలో సంగతేమిటని అడిగాడు. తమ్ముడు చెప్పాడు. "బెన్, ఇది సబర్మతి నీళ్లు కాదు" అన్నాడు అమ్మతో. ఆయన చిన్నప్పుడు వానాకాలం తప్ప నదిలో ఇసకేనట. ఇక్కడే క్రికెట్ ఆడేవాళ్లట, సర్కస్ డేరాలు వేసేవాళ్లట. ఇప్పుడు ఊరికి పైన నర్మద కాలువ నుంచి నీళ్లు వదిలి, దిగువన వాసణా బరాజ్ దగ్గర నిలబెడతారు. "మీ అబ్బాయి ఇంట్లో పంపులో వచ్చేదీ నర్మదే" అని లేచి వెళ్లిపోయాడు.

తమ్ముడు తెలుగులో చెప్పగానే అమ్మ మొహం చూడాలి. స్నానం చేస్తూ రోజూ చదివే శ్లోకంలో సబర్మతి లేదు, నర్మద ఉంది. నెహ్రూ బ్రిడ్జి రాకముందే "ఇంటికి పదండి" అంది.

"అది మునిసిపాలిటీ నీళ్లమ్మా, క్లోరిన్ కలుపుతారు" అన్నాడు తమ్ముడు.

"కలపనీ. ట్యాంకులో నిలవున్నవి నాకొద్దు. పొద్దున్న పంపు ఎన్నింటికి వస్తుంది?"

మర్నాడు తెల్లారకుండానే వంటింట్లో "నర్మదే సింధు కావేరి" వినబడింది. లేచి వెళ్లేసరికి చెంబు నిండింది, నా నెత్తిన నాలుగు చల్లటి చుక్కలు పడ్డాయి.