కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు నేను ఇలా తయారయ్యాను

కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న చెల్లెళ్లు ఎవరు కలిసినా మొదట అడిగేది ఇదే: "అక్కా, 800 మీటర్లు ఉరకగలుగుతనా?" పెళ్లయి, బాబు పుట్టిన తర్వాత నేనూ కనిపించిన వాళ్లందరినీ ఇదే అడిగాను. 2022 తెలంగాణ పోలీస్ నోటిఫికేషన్‌లో ఈవెంట్స్, అంటే ఒంటి సత్తా చూసే పరీక్షలు, దాటాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్తాను. పరుగుకు భయపడి అందరూ దాని మీదే పడతారు, గుండు విసరడాన్ని (షాట్‌పుట్) చివరి వారానికి వదిలేస్తారు. నేను చూసినంతలో ఆడపిల్లల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది గుండే.

ఆసారి మాకు మూడే ఈవెంట్లు. 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. లాంగ్‌జంప్ 2.5 మీటర్లు దూకాలి. 4 కిలోల గుండు 4 మీటర్లు వేయాలి. ఎత్తు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. ఆగస్టు 28న మొదటి రాతపరీక్ష (ప్రిలిమ్స్) అయింది. కీ చూసుకుని 60 మార్కులు దాటుతున్నాయని తేలగానే గ్రౌండ్‌కు పోవడం మొదలుపెట్టాను, ఫలితాల కోసం ఆగలేదు. డిసెంబర్‌లో ఈవెంట్స్ పెట్టారు. ఆ మధ్యలో దొరికిన సమయమే నన్ను గట్టెక్కించింది.

మేముండేది హన్మకొండలో. పొద్దున ఇంటి పని ఎవరు చూస్తారన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద టెన్షన్. బాబును లేపాలి, పాలు పట్టాలి, మా ఆయనకు డబ్బా కట్టాలి. అత్తమ్మతో కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "పొద్దటి పని నేను చూసుకుంట, నువ్వు పో బిడ్డా. వచ్చినంక అంట్లు నువ్వు తోము" అంది. ఆ ఒప్పందం చివరిదాకా నిలిచింది. చీకట్లో కాకతీయ యూనివర్సిటీ (కేయూ) గ్రౌండ్ దాకా మా ఆయన బండి మీద దింపేవాడు. తయారయ్యే ఆడవాళ్లకు నేను చెప్పేదొకటే, షూస్ కొనేకంటే ముందు ఇంట్లో ఇలా మాట్లాడుకోండి. వీధిలో ఒకరిద్దరు "పిల్లోడి తల్లివి, ఇప్పుడెందుకమ్మా ఈ ఉరుకుడు" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. తర్వాత రెండేళ్లకు మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ఆ ఏడాదే నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ పోలీసు శాఖలో డీఎస్పీగా చేరింది. ఇప్పుడు ట్రాక్‌ప్యాంట్ వేసుకుని పోయే ఆడపిల్లను మా వీధిలో ఎవరూ ఆపి అడగడం లేదు. నాకు ఎంత సంతోషంగా ఉందో.

పరుగు లెక్క చూడండి. 400 మీటర్ల ట్రాక్ మీద రెండు రౌండ్లు. 5 నిమిషాల 20 సెకన్లంటే రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు, అంటే 100 మీటర్లకు 40 సెకన్లు. ఇది జాగింగ్ వేగమే. దెబ్బ తగిలేది మొదటి 200 మీటర్లలో. విజిల్ పడగానే గుంపుతో పాటు దూసుకుపోతారు, రెండో రౌండు మొదలయ్యేసరికి ఊపిరి అందక నడకలో పడతారు. అందుకే నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని 100 మీటర్లను 35 సెకన్ల చొప్పున ఉరకడమే సాధన చేశాను. మొదట్లో కాస్త ఉరికి కాస్త నడిచేదాన్ని. ఆగకుండా రెండు రౌండ్లు వచ్చాక మూడు రౌండ్లకు పోయాను. మూడు అలవాటైతే రెండు తేలిగ్గా అనిపిస్తాయి. వారంలో ఒకరోజు 200 మీటర్లు వేగంగా ఉరికి, నడుస్తూ ఊపిరి తీసుకుని, మళ్లీ ఉరికేదాన్ని. ఒకరోజు పూర్తిగా విశ్రాంతి. ముంగాలి ఎముక నొప్పి మొదలైతే సిమెంట్ రోడ్డు వదిలి మట్టి మీదకు మారండి, నాకు అలాగే తగ్గింది.

ఇక గుండు. చెయ్యి వెనక్కి తీసి రాయి విసిరినట్టు విసిరితే మోచేయి పట్టేస్తుంది, దూరం కూడా రాదు. గ్రౌండ్‌కు వచ్చే ఒక పీఈటీ సార్ నాకు ఓపిగ్గా నేర్పించారు. గుండు అరచేతిలో కూర్చోకూడదు, వేళ్ల మొదళ్ల మీద నిలవాలి. దవడ కింద మెడకు ఆనించుకోవాలి, మోచేయి పైకి లేచి ఉండాలి. ఒంటి బరువు వెనక కాలి మీద వేసి, మోకాలు వంచి, కాలితో నేలను తన్నుతూ నడుము తిప్పి, అన్నిటికన్నా చివర్లో చెయ్యి చాచి పైకి తొయ్యాలి. "బలం కాలిది, చెయ్యి చివర్ల సాయం చేస్తది" అనేవారు సార్. ఈ మాట ఒంటికి పట్టేదాకా గుండు నా ముందే పడింది. పట్టిన రోజు, ఏమీ బలం పెట్టనట్టే అనిపించింది, గుండు మాత్రం గీత దాటి పడింది. వేశాక ఆ ఊపులో సర్కిల్ ముందుకు పడిపోతే ఫౌల్. వెనక సగం నుంచే బయటికి రావాలి. ఇది కూడా సాధన చేయాలి.

లాంగ్‌జంప్ అంత కష్టం కాదు. దూకాక చెయ్యి వెనక్కి ఆనిస్తే ఆ చెయ్యి పడ్డ దగ్గరి నుంచే కొలుస్తారు. ముందుకే పడండి.

తిండికి ప్రత్యేకంగా ఏమీ ఖర్చు పెట్టలేదు. నానబెట్టిన పెసర్లు, ఉడికించిన గుడ్లు, పల్లి పట్టి, రాత్రి జొన్న రొట్టె. నెలసరి రోజుల్లో కడుపునొప్పి ఎక్కువ లేకపోతే మెల్లగా ఉరికేదాన్ని. ఈవెంట్ ఆ రోజే పడితే ఎట్లా అన్న భయం అందరికీ ఉంటుంది. ఆ రోజుల్లోనూ ఒకట్రెండు సార్లు ఉరికి చూసుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది.

ఈవెంట్ రోజు మంచు కురుస్తోంది. అడ్మిట్ కార్డు, ప్రిలిమ్స్ తర్వాత నింపిన పార్ట్-2 దరఖాస్తు ప్రింటు, కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సులు ముందురాత్రే ఒక కవర్లో పెట్టుకున్నాను. కాగితాలు చూసి, వేలిముద్ర తీసుకుని, చేతికి చిప్ ఉన్న బ్యాండ్ వేశారు. విజిల్ పడగానే చాలామంది నన్ను దాటిపోయారు. గుండె దడదడలాడినా నా 35 సెకన్ల లెక్క వదల్లేదు. రెండో రౌండులో వాళ్లలో చాలామంది నడుస్తూ కనిపించారు. ఒకమ్మాయి నడుం పట్టుకుని నిలబడిపోతే "ఆగకు చెల్లె, నాతో రా" అన్నాను. నాలుగడుగులు వచ్చింది. తర్వాత ఆ పిల్ల ఏమైందో చూసే వీలు దొరకలేదు, ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. గీత దాటినవాళ్లకు ఎత్తు చూసి లాంగ్‌జంప్‌కు, గుండుకు పంపారు. గుండు పడ్డ చోటు చూసి "క్వాలిఫైడ్" అని చెప్పగానే ముందు అత్తమ్మకే ఫోన్ చేశాను.

ఆసారి సివిల్ కానిస్టేబుల్ పోస్టుకు ఈవెంట్స్‌లో పాసైతే చాలు, వాటి మార్కులు కలపలేదు. కాబట్టి ఆ సాయంత్రమే పుస్తకాలు తీశాను. ఫైనల్ రాతపరీక్ష 2023 ఏప్రిల్ 30న జరిగింది. కొత్త నోటిఫికేషన్‌లో కొలతలు మారవచ్చు, వచ్చాక సరిచూసుకోండి. గుండు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. ముగ్గురు నలుగురు కలిస్తే ఒక్క గుండు కొనుక్కుంటే చాలు, 4 కిలోలు ఉందో లేదో కాంటా మీద పెట్టి మరీ తీసుకోండి.