మా రాకీకి టిక్ ఫీవర్: జ్వరం తగ్గాకే అసలు కష్టం మొదలైంది

సెప్టెంబర్‌లో ఒకరోజు పొద్దున్నే హాల్లో తెల్ల టైల్స్ మీద రక్తపు చుక్కలు కనిపించాయి. వంటింటి గుమ్మం దాకా వరసగా ఉన్నాయి. అమ్మ కాలికేదైనా గుచ్చుకుందేమో అనుకున్నాను. తీరా చూస్తే రాకీ ముక్కులోంచి కారుతోంది. వాడు దాన్ని నాక్కుంటూ, నన్ను చూసి తోక ఊపుతున్నాడు.

రాకీ మా జర్మన్ షెపర్డ్. నాలుగేళ్లు, ముప్ఫై కిలోలు. మాది విజయవాడ.

అసలు ఇదంతా జూన్‌లోనే మొదలైంది. వాడి ఒంటి మీద గోమార్లు పట్టాయి. పిడుదులని, ఇంగ్లీషులో టిక్స్ అని కూడా అంటారు. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో రక్తం తాగి ఉబ్బి, అచ్చం ఆముదం గింజల్లా ఉండేవి. కనిపించినవాటిని పీకేసి ఊరుకున్నాం. రెండు వారాలకు వాడు అన్నం ముట్టడం మానేశాడు, ఒళ్లు కాలిపోయింది. దగ్గర్లోని క్లినిక్‌లో జ్వరానికి ఇంజెక్షన్ చేసి పంపేశారు. రక్తపరీక్ష మాట వాళ్లు ఎత్తలేదు, నాకూ అడగాలని తెలియలేదు. మూడో రోజుకల్లా వాడు గేటు దగ్గర నిలబడి పాలవాడి మీద అరుస్తుంటే హమ్మయ్య అనుకున్నాం. తర్వాత రెండున్నర నెలలు వాడికేమీ లేనట్టే ఉంది. ఆ రోజులు తలుచుకుంటేనే ఇప్పుడు నాకు గుండె పట్టేసినట్టవుతుంది.

ముక్కు నుంచి రక్తం కారిన రోజే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడి డాక్టర్ మేడమ్ ముందుగా వాడి పై పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాయి. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట చూపించారు. జుట్టు పల్చగా ఉన్న చోట సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు. వేలితో నొక్కినా ఎరుపు పోలేదు. "ఇవి దద్దుర్లు కాదండీ, చర్మం లోపల రక్తం కారుతోంది" అన్నారు.

రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు 14,000 ఉన్నాయి. కుక్కకు దాదాపు రెండు లక్షలైనా ఉండాలట. రక్తంలో ఎర్రకణాల పాళ్లు చెప్పే పీసీవీ 37కి తగ్గకూడదు, వాడికి 19. కిట్ పరీక్షలో టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీషియా అని తేలింది.

అది పిడుదు కుట్టినప్పుడు ఎక్కే సూక్ష్మజీవి. రోగాన్ని పట్టుకోవాల్సిన తెల్లకణాల్లోనే దూరి కూర్చుంటుంది. జూన్‌లో జ్వరం తగ్గినా అది లోపలే ఉండిపోయిందన్నమాట. దాంతో ఒంట్లోని రక్షణ వ్యవస్థ గందరగోళపడి సొంత ప్లేట్‌లెట్లనే చంపుకోవడం మొదలుపెడుతుంది. జర్మన్ షెపర్డ్‌ల విషయంలో ఇంకో చిక్కుంది. ఈ క్రిమి మీద కణాల స్థాయిలో జరగాల్సిన పోరాటం ఈ జాతిలో బలహీనం. అందుకే వేరే కుక్కలు తట్టుకుని బయటపడే జబ్బు వీటిలో ఎముక మూలుగ దాకా వెళ్లే ప్రమాదం ఎక్కువ. 1960ల చివర్లో వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వందకు పైగా కుక్కల్ని ఈ జబ్బుకే పోగొట్టుకుందని, వాటిలో ఎక్కువ ఈ జాతివేనని మేడమ్ చెప్పారు. అంత పెద్ద ఛాతీ, అంత గంభీరమైన అరుపు ఉన్న జాతి లోపల ఇంత సున్నితమని నాకు అప్పటిదాకా తెలియదు.

రక్తం ఎక్కించాలన్నారు. మా వీధిలో బాబాయిగారొకరు తన లాబ్రడార్‌ని కారెక్కించుకుని వచ్చారు. దానికీ టిక్ ఫీవర్ లేదని పరీక్ష చేసి, ఇద్దరి రక్తం కలుస్తుందో లేదో చూసి, అప్పుడు తీసుకున్నారు. ఎక్కడానికి నాలుగు గంటలు పట్టింది. సూది కదలకుండా వాడి ముందు కాలు నా ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూర్చున్నాను. ఏ క్షణాన ఏ రియాక్షన్ వస్తుందోనని ఒకటే టెన్షన్. మూడో గంటలో వాడి చెవుల లోపలికి వెచ్చదనం తిరిగొచ్చింది. వేళ్లతో పట్టుకుని చూస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, 28 రోజులు. ఒక్క పూట కూడా తప్పకూడదన్నారు. మొదట్లో కొన్నాళ్లు స్టెరాయిడ్ కూడా ఇచ్చి, మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఖాళీ కడుపుతో మాత్ర వేస్తే కక్కేసేవాడు. పెరుగులో కలిపి పెడదామంటే పాలు, పెరుగులోని కాల్షియం మందును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదట. వాడేమో చిన్నప్పటి నుంచి అమ్మ కలిపే పెరుగన్నం మీద పెరిగినవాడు. మాత్రకు, పెరుగుకు మధ్య రెండు గంటలు ఉండాలని అమ్మ గోడ గడియారం కింద కాగితం అంటించింది. ఐదో రోజుకే వాడు హుషారయ్యాడు. ఇంకా మందెందుకని చుట్టాలు అడిగారు. జూన్‌లో చేసిన పొరపాటు మళ్లీ చేయదలుచుకోలేదు.

బొప్పాయాకు రసం పోయమని చాలామంది చెప్పారు. క్రిమిని చంపేది యాంటీబయాటిక్ ఒక్కటేనని మేడమ్ చెప్పాక ఆ జోలికి పోలేదు.

ఇంకో పని ఇంట్లో ఉంది. ఈ గోధుమరంగు పిడుదు కుక్క మీదే ఉండిపోదు. రక్తం తాగాక దిగి గోడలెక్కి పగుళ్లలో, తలుపు చట్రాల వెనక దాక్కుంటుంది. ఒక్క ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా పిడుదులు నెలల తరబడి బతకగలవు. వాడు పడుకునే వరండాలో టార్చ్ వేసి చూస్తే గోడ మూల చీలికలో పిల్ల పిడుదులు ఆవాల్లా గుంపుగా ఉన్నాయి. వాణ్ణి అమ్మమ్మగారింట్లో వదిలి మందు కొట్టించి, చీలికలన్నీ సిమెంటుతో పూడ్పించాను. పిడుదులు చావడానికి డాక్టర్ రాసిన నమిలే మాత్ర ఇప్పుడు తేదీ తప్పకుండా వేస్తున్నాం.

వారానికి ప్లేట్‌లెట్లు 62,000, మందు పూర్తయ్యేసరికి 1,80,000. కిట్ పరీక్ష మాత్రం ఇంకా పాజిటివ్ చూపించేసరికి కాళ్లు చల్లబడ్డాయి. అది చూపించేది క్రిమి మీద పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలనే, అవి నెలల తరబడి పోవట. క్రిమి ఉందో లేదో పీసీఆర్ అనే పరీక్ష చేయించుకుంటే తెలుస్తుందన్నారు. చేయించాం, నెగెటివ్ వచ్చింది.

ఒకసారి తగ్గితే మళ్లీ రాదనేమీ లేదు, దీనికి టీకా కూడా లేదు. అందుకే మూడు నెలలకోసారి రక్తపరీక్షకు తీసుకెళ్తున్నాం. మొన్నటి రిపోర్టులో ప్లేట్‌లెట్లు 2,30,000.