ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ పక్కన బస

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్ళే మన తెలుగువాళ్ళలో చాలామంది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గైజర్ (ఉండుండి వేడినీళ్ళని పైకి చిమ్మే బుగ్గ) దగ్గర గంటా గంటన్నర ఆగుతారు. గైజర్ ఎగజిమ్మగానే వీడియో తీసుకుని కారెక్కేస్తారు. ఈసారి మాతో అమ్మ ఉంది. వేసవికని విజయవాడ నుంచి వచ్చింది. ఎంత దూరమైనా నడుస్తుంది కానీ వేగంగా నడవలేదు. అందుకే పరుగులు వద్దనుకుని, గైజర్ ఎదురుగానే ఉన్న ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్‌లో గది తీసుకున్నాం. ఆ చోటుని చూడాలంటే అక్కడ రాత్రి ఉండి తీరాలని ఇప్పుడు నా గట్టి అభిప్రాయం.

హోటల్ మొత్తం పైన్ దుంగలతో కట్టింది. రాబర్ట్ రీమర్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేస్తే, మంచు కురిసే 1903-04 చలికాలంలో పని నడిపించి 1904లో తెరిచారు. లాబీలోకి అడుగుపెట్టి తలెత్తితే పైకప్పు 76 అడుగుల ఎత్తున ఉంది. మధ్యలో సుమారు 500 టన్నుల రాయి పేర్చి కట్టిన, చలి కాచుకునే పొయ్యి. నాకు అంతకన్నా నచ్చినవి మెట్ల పక్క రెయిలింగులకు వాడిన కొమ్మలు. అడవిలో ఏ కొమ్మ ఎలా వంగి పెరిగిందో అలాగే తెచ్చి, బెరడు తీసి బిగించారు. వందేళ్ళుగా జనం చేతులు తగిలి వాటి కణుపులు నున్నగా మెరుస్తున్నాయి. అమ్మ మెట్లెక్కుతూ ఒక్కో కణుపూ తడిమి చూసింది.

గదిలో టీవీ లేదు, ఏసీ లేదు. మేం తీసుకున్నది పాత భాగంలోని గది కాబట్టి బాత్రూమ్ వరండా చివర ఉంది. "రాత్రిపూట లేవాల్సొస్తే ఎలాగే?" అని అమ్మ కాస్త టెన్షన్ పడింది. వరండా అంతా లైట్లున్నాయి, బాత్రూమ్ శుభ్రంగా ఉంది. ఆ తరువాత ఆ ఊసే ఎత్తలేదు.

లాబీలో తరువాతి పోటు, అంటే గైజర్ మళ్ళీ ఎగజిమ్మేది, ఎప్పుడో రాసి పెడతారు. ఓ పది నిమిషాలు అటూ ఇటూ అవుతుందంతే. లెక్క ఏమిటంటే, ఒక పోటు ఎంతసేపు సాగిందో చూసి తరువాతిది ఎప్పుడొస్తుందో చెబుతారు. తొందరగా ఆగిపోతే తరువాతిది త్వరగా వస్తుంది, నాలుగైదు నిమిషాలు సాగితే గంటన్నర ఆగాలి. అసలు గైజర్ ఎలా ఎగజిమ్ముతుందంటే, వానా మంచూ భూమిలోకి ఇంకి, అడుగున కాలుతున్న రాళ్ళ దగ్గర వేడెక్కి, పగుళ్ళ గుండా పైకి వస్తాయి. దారి ఇరుకు. పైనున్న నీటి బరువుకి అడుగు నీళ్ళు మరిగే వేడి దాటినా ఆవిరి కాలేవు. పైనుంచి కొన్ని నీళ్ళు పొర్లి బరువు తగ్గిందో, అడుగున ఉన్నవి ఒక్కసారిగా ఆవిరై మొత్తాన్నీ పైకి తోసేస్తాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నీళ్ళు సగటున 130 అడుగుల ఎత్తు లేస్తాయి.

పగలు చూస్తే చుట్టూ బెంచీల నిండా జనం. పోటు ఆగగానే సినిమా వదిలినట్టు అందరూ పార్కింగ్ వైపు కదులుతారు. హోటల్లో ఉన్నవాళ్ళకి ఆ తొందర లేదు. పోర్టికో పైన విశాలమైన డెక్ ఉంది. అమ్మ స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని అక్కడే కుర్చీలో కూర్చుంది, మేం తెచ్చుకున్న పులిహోర అక్కడే తిన్నాం. చీకటి పడ్డాక గైజర్ ఇంకోసారి లేచింది. అప్పటికి బెంచీల దగ్గర పట్టుమని పదిమంది లేరు. నీళ్ళు సరిగ్గా కనబడవు, తెల్లని ఆవిరి మాత్రం నక్షత్రాలకి అడ్డం వస్తుంది. పగలు కేకల్లో వినబడని చప్పుడు అప్పుడు వినబడింది. నీళ్ళు పైకి లేచే హోరు, మళ్ళీ రాతి మీద పడుతున్న దబదబలు. "అంత దూరం నుంచి వచ్చింది దీనికే అనుకో" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే ఫైర్‌హోల్ నది వెంబడి నడిచాం. ఎండ రాకముందు లోయంతా ఆవిరి, కుళ్ళిన గుడ్డు వాసన. ఆ లోయ 7,300 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి నీళ్ళు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. ఇక్కడ చెక్క దారి దిగితే ప్రాణాలతో చెలగాటమే. పైకి గట్టి నేలలా కనబడే పొర కింద సలసల కాగే నీళ్ళుంటాయి. ఈ పార్కులో వేడినీటి బుగ్గల్లో పడి కాలి చనిపోయినవాళ్ళు 20 మందికి పైనే.

మార్నింగ్ గ్లోరీ అనే గుండం దగ్గర అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. ఒకప్పుడు అది నిండు నీలంగా ఉండేదట. ఏళ్ళ తరబడి జనం నాణేలూ చెత్తా వేస్తే బుగ్గ నోరు కొంత మూసుకుపోయి, నీటి వేడి తగ్గింది. వేడి తగ్గేసరికి అంచుల్లో బతికే పసుపు, నారింజ రంగు సూక్ష్మజీవులు మధ్యకి జరిగాయి. మా ఆయన బోర్డు చదివి చెప్పారు. రాజమండ్రి వంతెన మీద రైలు వెళుతుంటే గోదారికి నాణెం వెయ్యకుండా అమ్మ ఎన్నడూ ఉండలేదు, నా చేత కూడా వేయించేది. "వీటికి దణ్ణం పెడితే చాలు" అని రెండు చేతులూ జోడించింది.

తిరిగి వస్తుంటే రివర్‌సైడ్ గైజర్ ఎదురుగా ఒక పెద్దాయన మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో నోట్‌బుక్, చేతిలో వాకీటాకీతో కనబడ్డారు. గైజర్లు ఎప్పుడు లేస్తున్నాయో ఇష్టంతో రాసుకునేవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. బిలం అంచున నీళ్ళు పొర్లడం మొదలైందనీ, ఓపిక పట్టమనీ చెప్పారు. గంట దాటాక లేచింది. నిటారుగా కాదు, నది మీదకి వాలుగా, 75 అడుగుల దాకా. ఆవిరిలో ఇంద్రధనుస్సు, కింద నది మామూలుగా పారుతూనే ఉంది. ఇరవై నిమిషాల పాటు సాగింది. నాకు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ కన్నా ఇదే నచ్చింది.

ఆ హోటల్ నిలబడి ఉండడమే గొప్ప. 1959 ఆగస్టు భూకంపానికి పొయ్యి గొట్టం దెబ్బతింది. లాబీ కప్పు దగ్గర, ఒకప్పుడు సంగీతం వాయించేవాళ్ళు కూర్చునే చిన్న చెక్క మంచె ఉంది. ఆ భూకంపం తరువాత దాని మీదకి జనాన్ని వెళ్ళనివ్వడం మానేశారు. 1988 సెప్టెంబరులో కార్చిచ్చు గుమ్మం దాకా వస్తే ఫైర్ సిబ్బంది కప్పంతా నీళ్ళతో తడిపి కాపాడారు.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఏడాది ముందే బుక్ చేసుకోండి. మే నుంచి అక్టోబరు దాకానే తెరిచి ఉంటుంది. పాత భాగంలో బాత్రూమ్ లేని గది దొరికినా వదులుకోవద్దు, అద్దె తక్కువ, దుంగల గోడలు అక్కడే ఉన్నాయి. పెద్దవాళ్ళని తీసుకెళుతుంటే వేసవిలోనైనా స్వెట్టర్లు పెట్టుకోండి, 7,300 అడుగుల ఎత్తు కాబట్టి రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. కుదిరితే రెండు రాత్రులు ఉండండి. రివర్‌సైడ్ ఐదారు గంటలకోసారి కానీ లేవదు మరి.