సిద్ధాపుర నర్సరీల్లో ఒక పూట

జనవరి చలిలో బెంగళూరు రైలు దిగి, మెట్రోలో లాల్‌బాగ్ చేరాం. 1889 నాటి గాజుమేడను ఒక చుట్టు చుట్టి సిద్ధాపుర నర్సరీల దారి పట్టాం. ఆర్కిడ్లు కొనాలి, అవి విజయవాడ ఎండకు బతకాలి.

ముందుగా కళ్లబడింది సింబిడియం, గెలలుగెలలుగా పూసి. ముట్టుకోలేదు. రాత్రిళ్లు బాగా చల్లబడితేగాని అది గెల వేయదు. కృష్ణ ఒడ్డున ఆకులే మిగులుతాయి. ఉక్క కోరే డెండ్రోబియం హైబ్రిడ్లు మనకు నయం.

"పూలు సూసి కొనొద్దు సార్, ఏర్లు సూడండి" అన్నాడు నర్సరీ పెద్దాయన, హిందూపురం యాసలో. నిజమే. మంచి వేరు గట్టిగా ఉండి, ఎండితే వెండిలా, తడిస్తే పచ్చగా కనిపిస్తుంది. నొక్కితే తొక్క జారి దారం మిగిలిందా, కుళ్లినట్టే. ఫలినాప్సిస్ అనే ఆర్కిడ్ కుండీల్లో నింపే నాచు పైన ఎండినా నడుమ ముద్దగానే ఉంటుంది. ఇంటికి తేగానే విప్పి మార్చాలి.

వెనక వరసలో పువ్వులేని వాండా టెసలేటా. మన మామిడి చెట్ల మీద కనిపించేదే, జనం బదనిక అంటారు. చెట్టు రసం పీల్చే అసలు బదనికలతో దీనికి పోలిక లేదు, కొమ్మను పట్టుకుని ఉంటుందంతే. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లో దీన్ని ఎపిడెండ్రం టెసలేటం పేరుతో ప్రచురించాడు. రేకుల మీది గళ్లను బట్టి ఆ పేరు. వాండా అన్న మాటేమో సంస్కృతం నుంచి వెళ్లింది. అడవిలో పీకింది కాక, నర్సరీలో పెంచిన మొక్కేనని అడిగి మరీ తీసుకున్నాం.

ప్రయాణానికి ముందురోజు నీళ్లు ఆపి, వేర్లకు న్యూస్‌పేపర్ చుట్టి, చిల్లుల అట్టపెట్టెలో నిలబెట్టాం. ఇంటి దగ్గర వాండాకు చెక్కబుట్ట, బొటనవేలంత బొగ్గు, ఇటుక ముక్కలు. మట్టి చిటికెడు కూడా వద్దు. కొబ్బరి డొక్క వాడేవాళ్లు నాలుగైదు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, లేకుంటే ఉప్పు వేర్లను కాలుస్తుంది. బోరు నీళ్లదీ అదే గోల: వేరు కొసలు నల్లబడతాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకోవడం మేలు.

నీళ్లు పొద్దున్నే, వేర్లు పచ్చబడేదాకా. సాయంత్రం పోస్తే మొవ్వులో నిలిచి కుళ్లు పడుతుంది. 20:20:20 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) లీటరు నీళ్లకు ఒక గ్రాము, వారానికోసారి, వేర్లు తడిపాకే. నెలకోసారి ఉత్త నీళ్లతో కడిగేయాలి. యాభై శాతం షేడ్‌నెట్ చాలు, మేలో ఇంకో పొర. మొక్క ఊగితే కొత్త వేరు బుట్టను అంటుకోదు కాబట్టి నైలాన్ తాడుతో బిగించి కట్టాం.