25 మిల్లీగ్రాముల వాళ్లు

నాకు వచ్చిన జబ్బు క్రానిక్ మైలాయిడ్ లుకీమియా అనే రక్త క్యాన్సర్. ఆసుపత్రి వరండాల్లో అందరూ సీఎంఎల్ అనే అంటారు. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. ఎడమ డొక్కలో బరువుగా ఉండేది, రాత్రుళ్లు బనియను తడిసేంత చెమట పట్టేది. గ్యాసేమోనని మా ఆవిడ వాము నీళ్లు కాచి ఇచ్చింది. రామంతాపూర్‌లో మా వీధి చివర ల్యాబులో రక్తపరీక్ష చేయిస్తే తెల్ల రక్తకణాలు రెండు లక్షలు దాటాయి. ల్యాబు అబ్బాయి రిపోర్టు ఇస్తూ, "సార్, ఇంట్లో ఎవరినైనా వెంటబెట్టుకుని ఈ రోజే పెద్ద డాక్టరుగారిని కలవండి" అన్నాడు. డొక్కలో ఆ బరువు ప్లీహం వాపని సాయంత్రానికి తెలిసింది.

ఎముక మజ్జ పరీక్ష తర్వాత డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. 9వ, 22వ క్రోమోజోములు విరిగి ఒకదాని ముక్క మరొకదానికి అతుక్కుంటుంది. పొట్టిగా మిగిలిన క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో చూశారు కాబట్టి దానికి ఆ ఊరి పేరు. అది రెండు క్రోమోజోముల మధ్య జరిగిన మార్పిడి అని 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టే ఎంజైము, ఆన్‌లో ఇరుక్కుపోయిన స్విచ్చులాగా, కణాలను పెరగమంటూనే ఉంటుంది. ఇమాటినిబ్ అనే మాత్ర సరిగ్గా ఆ ఎంజైములోనే కూర్చుని దాని పని ఆపుతుంది. విద్యుత్ సంస్థలో పద్దులు రాసిన నాకు ఈ వివరణ బాగా ఎక్కింది.

రోజుకు 400 మిల్లీగ్రాముల మాత్ర, భోజనం చేశాక పెద్ద గ్లాసు నీళ్లతో. కళ్ల కింద ఉబ్బు, రాత్రిపూట పిక్కలు పట్టేయడం తప్ప పెద్ద ఇబ్బందులు లేవు. ఈ మాత్ర మనకు అందిన కథ కూడా చిన్నది కాదు. విదేశీ కంపెనీ మందుకు నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా అయ్యే రోజుల్లో మన హైదరాబాద్ కంపెనీ నాట్కో 2003లోనే అదే మందును చాలా తక్కువ ధరకు తెచ్చింది. విదేశీ కంపెనీ పేటెంటు కోసం చేసిన పోరాటం 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో ముగిసింది. పేటెంటు ఇవ్వనక్కర్లేదని తీర్పు వచ్చింది. నాలాంటి మధ్యతరగతి మనిషి ఇల్లు అమ్ముకోకుండా మందు వేసుకోగలుగుతున్నాడంటే అందుకే.

కొన్నేళ్లు బాగా గడిచాయి. మధ్యలో ఇంటికి దగ్గరని ఒక ఆసుపత్రికి మారాను. అక్కడ మామూలు రక్తకణాల లెక్క చూసి "అంతా బాగుంది" అని పంపేసేవారు. ఈ జబ్బులో ఆ లెక్క చాలదు. ఆ అతుకు జన్యువు రక్తంలో ఎంత మిగిలిందో కొలిచే బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్ష చేయాలి. మందు మొదలుపెట్టిన మూడు నెలలకు అది 10 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు ఉండాలని, ఆ తర్వాత కూడా క్రమం తప్పకుండా చూస్తూ ఉండాలని ఆ ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. సీఎంఎల్ ఉన్నవారెవరైనా ఇది చదువుతుంటే, మీ చివరి పీసీఆర్ అంకె ఎంతో ఈ రోజే వెతికి చూసుకోండి.

పాత డాక్టరమ్మ దగ్గరికి తిరిగి వెళ్లేసరికి నా అంకె బాగా పెరిగిపోయింది. ఇమాటినిబ్ లొంగదీయలేని స్థితి. రెండో మందు డసాటినిబ్ జబ్బును దించింది కానీ ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. మూడో మందుకు నా షుగరు అడ్డొచ్చింది. మూలకణాల మార్పిడి చేయిద్దామంటే తోబుట్టువుల మూలకణాలు నాకు సరిపోలలేదు. అప్పుడు డాక్టరమ్మ మొదటి దశ క్లినికల్ ట్రయల్ గురించి చెప్పారు. ఎంజైములో పాత మందులు పట్టుకునే చోట కాకుండా వేరే చోట పట్టుకునే కొత్త మందు అది.

ఆమె చెప్పిన పద్ధతిని నేను ఎప్పటికీ మరవను. "ఇది చికిత్స అని చెప్పి మిమ్మల్ని చేర్చుకోను. ఇది పరిశోధన. ఎంత మోతాదు మనిషి తట్టుకుంటాడో తెలుసుకోవడం దీని పని. మీ జబ్బు తగ్గితే సంతోషం, తగ్గకపోవచ్చు కూడా. కాదంటే నేను మిమ్మల్ని వదిలేయను."

సమ్మతి పత్రం తెలుగులోనే ఉంది, ఇంటికి తెచ్చుకున్నాను. మా బావమరిదిది ఖమ్మం. వాడు గట్టిగా అడ్డుపడ్డాడు. "బావా, మా జిల్లా సంగతి మరిచిపోయారా?" అన్నాడు. 2009లో అక్కడ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం జరిగింది. హాస్టళ్లలోని పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. వాడి భయంలో తప్పు లేదు, అందుకే వాడినే వెంట తీసుకెళ్లాను. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనల్లో ఉంది. ఆ పేజీని వాడు వేలు పెట్టి చదివించుకున్నాడు. ట్రయల్‌లో చేరినవాళ్ల మేలు చూసే ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు రాసుకున్నాడు. నా సమ్మతిని వీడియో తీస్తున్నప్పుడు పక్కనే కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే ఇమాటినిబ్ మొదటి ట్రయల్ గురించి చదివాను. బ్రయన్ డ్రూకర్ అనే క్యాన్సర్ డాక్టరు బృందం 1998 జూన్‌లో అమెరికాలో దాన్ని మొదలుపెట్టింది. అప్పటిదాకా ఈ జబ్బుకు వాడుతున్న ఇంటర్‌ఫెరాన్ అనే మందు పనిచేయనివారు, దాన్ని తట్టుకోలేనివారు 83 మంది చేరారు. మోతాదులు 25 మిల్లీగ్రాముల నుంచి 1000 దాకా పద్నాలుగు మెట్లు. 300, అంతకు మించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాలు పూర్తిగా మామూలు స్థితికి వచ్చాయి. 2001 మేలో అమెరికాలో మందుకు అనుమతి దొరికింది. ప్రపంచమంతా ఆ 53 మంది గురించి చెప్పుకుంది. నా మనసు మాత్రం 25 దగ్గరే ఆగిపోయింది. నేను వేసుకున్న మోతాదులో పదహారో వంతు అది. అయినా ఎవరో ముందు దాన్ని మింగి, రక్తం ఇచ్చి, ప్రమాదం లేదని చూపిస్తేనే తర్వాతి మెట్టు తెరుచుకుంది. వాళ్ల ఒంట్లోనూ నా ఒంట్లో ఉన్న జబ్బే ఉంది, వాళ్లకూ సమయం తక్కువే.

"నాకంటే ముందు ఎవరు, ఎంత మోతాదు తీసుకున్నారు, వాళ్లకు ఏమైంది?" అని డాక్టరమ్మను అడిగాను. పేర్లు చెప్పకుండా మెట్టు మెట్టుగా వివరించారు. ముగ్గురికి ఒక మోతాదు ఇస్తారు. మొదటి నాలుగు వారాల్లో ఎవరికీ తీవ్రమైన హాని జరగకపోతే తర్వాతి ముగ్గురికి పెంచుతారు. నేను పై మెట్లలో ఒకదానికి వచ్చాను.

మొదటి రోజు పరగడుపున మాత్ర ఇచ్చి, చేతికి కాన్యులా పెట్టి, అరగంటకు, గంటకు, రెండు గంటలకు, ఇలా మర్నాటి ఉదయం దాకా రక్తం తీస్తూనే ఉన్నారు. మధ్యమధ్యలో ఈసీజీలు. పక్క మంచం మీద పోచంపల్లి నుంచి వచ్చిన నేత కార్మికుడు ఉన్నారు. నాకంటే రెండు మెట్లు కింద మోతాదు ఆయనది. "నాకు దీనితో తగ్గుతలేదు సార్. కానీ మీకు ఎక్కువ ఇస్తున్నరంటే నేను తట్టుకున్ననని కదా" అన్నారు. మాటల్లో నిష్ఠూరం లేదు. నాకు గొంతు పూడుకుపోయి ఆయన చెయ్యి పట్టుకున్నాను. తర్వాత ఆయనకు మోతాదు పెంచే వీలు వచ్చింది కానీ అంకె దిగలేదు. ట్రయల్ నుంచి బయటికి వచ్చి తమ్ముడి మూలకణాలతో మార్పిడి చేయించుకున్నారు. కోలుకుంటున్నారు, ఇంకా మగ్గం ఎక్కలేదు.

నాకు నడిమధ్యలో రక్తంలో లైపేజ్ అనే క్లోమం ఎంజైము పెరిగి కడుపునొప్పి వచ్చింది. మందు ఆపి, మళ్లీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. ఆ తగ్గించిన మోతాదుతోనే పీసీఆర్ మెల్లగా దిగి, ఇప్పుడు 0.1 శాతం లోపు నిలిచింది. ప్లీహం చేతికి తగలడం లేదు. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్‌కు మెట్రోలో నిలబడి వెళ్లి రాగలుగుతున్నాను. మందు ఇంకా పరీక్ష దశలోనే ఉంది. రేపు అనుమతి వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

పోయిన నెల ఎథిక్స్ కమిటీకి తెలుగులో ఒక ఉత్తరం రాశాను. ట్రయల్ ముగిశాక ఫలితాలను పత్రికల్లో అచ్చువేసుకోవడంతో సరిపెట్టకుండా, పాల్గొన్న ప్రతి మనిషికీ, మనిషి లేకపోతే ఆ ఇంటివాళ్లకూ, వాళ్ల భాషలో పంపాలని కోరాను. ఏ మోతాదు వాళ్ల వల్ల ఏమి తెలిసిందో అందులో విడిగా రాయాలని, అన్నిటికంటే కింది మెట్టు వాళ్లతో మొదలుపెట్టాలని అడిగాను. పోచంపల్లి ఆయనకు ఫోనులో చదివి వినిపిస్తే తన సంతకం కూడా ఉండాలన్నారు. వాళ్ల అబ్బాయి ఆ కాగితం మీద సంతకం పెట్టించి పంపాడు. వచ్చే సమావేశంలో చర్చకు పెడతామని కమిటీ జవాబిచ్చింది.