శనగ విత్తనాల మొలక పరీక్ష: నాలుగు ఆదివారాల లెక్క

ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు వైపు మాది నల్లరేగడి ఊరు. అక్టోబరు వానలకు నేల పదునెక్కితే శనగ వేస్తాం. ఆలోపు పిల్లలకు విత్తనం సంగతి నేర్పాలని సెప్టెంబరులో మా యువజన సంఘం గదిలో మొదలుపెట్టాను. ఇంటరు, డిగ్రీ చదివేవాళ్లు 11 మంది వస్తున్నారు. అందరి ఇళ్లలోనూ శనగ పండుతుంది, విత్తనం పరీక్షించి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఎవరింటి విత్తనం వాళ్లనే తెమ్మన్నాను. బస్తా పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి గుప్పెడేసి తీసి కలపాలి. అందులోంచి 100 గింజలు ఏరకుండా లెక్కపెట్టాలి. మంచివే ఏరితే ఇక పరీక్షెందుకు? తడి గోతం మీద వరసకు పది చొప్పున పేర్చి, చాపలా చుట్టి నీడన పెట్టాలి.

మొదటిసారి నేనే తప్పు చేశాను. గోతం పిండకుండా, నీళ్లోడుతుండగానే చుట్టించాను. నాలుగో రోజుకే వాసన. కాక్-2 అనే తెల్లశనగ రకం గింజలు మరీ కుళ్లాయి. తెల్లశనగకు పొట్టు పలచన, నీళ్లు తొందరగా తాగేస్తుంది. పిల్లల వారం వృథా చేశానని చాలా బాధపడ్డాను.

రెండోసారి గట్టిగా పిండి చుట్టాం. ఐదో రోజు ఒకసారి, ఎనిమిదో రోజు మరోసారి లెక్క. వేరు, మొలక రెండూ బాగున్నవే లెక్కలోకి. చాలామందికి 88కి పైనే వచ్చాయి. ఒకమ్మాయికి 71. మొహం చిన్నబుచ్చుకుంది. మొలవని గింజలు చీల్చి చూస్తే లోపలంతా పురుగు తొలిచిన గుల్ల. ఇంటికెళ్లి బస్తా కదిపితే పిండి రాలిందట. "నిరుడు మొక్క పలచబడితే వాన మీద నెట్టేశాను కదమ్మా" అన్నాడట వాళ్ల నాన్న. ఆ మాట విన్నప్పుడు ఈ నాలుగు వారాలూ ఊరికే పోలేదనిపించింది.

ధ్రువీకరించిన శనగ విత్తనానికి కనీసం 85 శాతం మొలక ఉండాలి. జేజీ-11 అనే శనగ రకం ఎకరాకు 30 కిలోలు వేసేచోట, 71 మొలిచే విత్తనమైతే 30ని 85తో హెచ్చించి 71తో భాగించాలి. దాదాపు 36 కిలోలు. పిల్లలే ఫోన్‌లో లెక్కేశారు. అయితే పురుగు పట్టినదాన్ని ఎక్కువ పోయడం కన్నా మార్చుకోవడమే మేలని నా అభిప్రాయం. గుల్ల గింజ మొలిచినా మొక్కకు బలముండదు. వాళ్లు మార్చారు.

వచ్చే ఆదివారం విత్తనశుద్ధి. ఎండు తెగులు రాకుండా ముందు ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం పొడి, విత్తే ముందు వేళ్ల బుడిపెల్లో నత్రజని నిలిపే రైజోబియం బాక్టీరియా పట్టించి నీడన ఆరబెట్టడం చూపిస్తాను. "బాబాయ్, మా కంది కూడా తేనా?" అని ఆ అమ్మాయే అడిగింది. గోతం ఉతికి ఆరేశాను.